డీప్ ఫ్రీజర్‌లో ఎవరివో తెలియని వయల్స్ దొరికాయి, ఏం చేయమంటారు?

నయీంనగర్_స్కాలర్ | ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పీహెచ్‌డీ మూడో ఏడు చేస్తున్నాను. ఏ డిపార్ట్‌మెంటో మాత్రం దయచేసి అడగొద్దు. నిన్న గాలివానకు కరెంటు పోయి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ అలారం ఆగకుండా మోగుతోందని వాచ్‌మన్ ఫోన్ చేస్తే ఉన్నపళంగా పరుగెత్తాను. జనరేటర్ మీదికి మార్చాక, ఎలాగూ వచ్చాను కదా అని కింది అరలో గడ్డకట్టిన మంచు గీకుతుంటే వెనక గోడకు అతుక్కుపోయిన ఒక అట్టపెట్టె బయటపడింది. 81 గళ్ల క్రయోబాక్స్, అంటే గడ్డకట్టించిన నమూనాలు దాచే పెట్టె. దానికి చుట్టిన రబ్బరు బ్యాండు ముట్టుకుంటే పొడిలా రాలిపోయింది. లోపల 36 వయల్స్ (చిన్న సీసాలు) ఉన్నాయి. మార్కర్ రాత సగం చెరిగిపోయింది, చాలావాటి మీద 'బి.ఎ.' అని, పక్కన ఒక అంకె. ఒక్కదాని మీద మాత్రం 'నర్సంపేట బర్రె 3, 2009' అని స్పష్టంగా ఉంది.

మా గైడ్ ఈ డిపార్ట్‌మెంటుకు వచ్చిందే 2016లో, ఆయనకు ఈ పెట్టె సంగతే తెలియదు, ఇప్పుడు ఊళ్లో కూడా లేరు. ఒక సీనియర్ 'ఆటోక్లేవ్‌లో (ఆవిరి వేడితో క్రిములను చంపే యంత్రం) పడేసి మర్చిపో' అంటున్నాడు. ఇంకొకరు 'ఒకటి తీసి ప్లేట్ వేద్దాం, ఏం పెరుగుతుందో చూస్తే తెలిసిపోతుంది' అంటున్నారు. ఇంతకీ ఆ ఫ్రీజర్ తాళంచెవి ఎక్కడుంటుందో తెలుసా, ఆ గది తలుపు పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఏం చేయమంటారు?

పాత_టెక్నీషియన్ | రాత్రి 9:52

ప్లేట్ వేయొద్దు చెల్లీ. మూత తిప్పొద్దు. పెట్టెను మళ్లీ అదే చలిలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి నీ దగ్గరే పెట్టుకో. మిగతాది రేపు మాట్లాడుకుందాం, ముందు ఇది చెయ్.

రిటైర్డ్_మైక్రో_మేడం | రాత్రి 10:31

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా మైక్రోబయాలజీ చెప్పి రిటైర్ అయ్యాను, ఇప్పుడు హన్మకొండలోనే ఉంటున్నాను. 'బి.ఎ.' అంటే ఏదైనా కావచ్చు. బాసిల్లస్ అమైలోలిక్విఫేసియెన్స్ అయితే భయమే లేదు, పొలాల్లో తెగుళ్లకు వాడే మంచి సూక్ష్మజీవి. కానీ పక్కన బర్రె అని ఉంది చూశావా, అది చదవగానే నాకు బాసిల్లస్ ఆంత్రాసిస్ గుర్తొచ్చింది, అంటే ఆంత్రాక్స్, మన ఊళ్లల్లో దొమ్మరోగం అంటారు. అది రిస్క్ గ్రూప్ 3, అంటే మనుషులకు తీవ్రమైన జబ్బు తెచ్చే క్రిముల వర్గం. తెలియనప్పుడు ఉన్నవాటిలో అన్నిటికన్నా చెడ్డదేదో అదే అనుకుని నడుచుకోవాలి, మంచిదే అయి ఉంటుందిలే అనుకోకూడదు.

రేపు పొద్దున్నే పెట్టెను ఉన్నదున్నట్టు ఫొటో తీయి. గట్టి మూత ఉన్న, కారని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టె మొత్తాన్ని పెట్టి, మూతా డబ్బా కలిసేచోట టేపు వేసి, టేపు మీద తేదీ రాసి నువ్వూ ఇంకొకరూ సంతకం చేయండి. హెచ్‌ఓడీకి నోటితో చెప్పి ఊరుకోవద్దు. ఒక కాగితం రాసి ఇచ్చి, ఇంకో కాపీ మీద 'ముట్టింది' అని సంతకం తీసుకో. మీ ఇన్‌స్టిట్యూషనల్ బయోసేఫ్టీ కమిటీకి అదే కాగితం పంపించు. 1989 నాటి రూల్స్ జన్యుమార్పిడి చేసినవాటికే కాదు, ప్రమాదకర సూక్ష్మజీవులకు కూడా వర్తిస్తాయి. ఆ కమిటీలో ఒక డాక్టర్ ఉంటారు, ఢిల్లీ డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) నామినీ ఒకరుంటారు. ఇలాంటివి చూడటానికే వాళ్లున్నది.

ఇక ఆటోక్లేవ్ సంగతి. నీ సీనియర్ చెడ్డవాడు కాదు, భయంతో అలా అన్నాడు. కానీ ఏముందో రాసిపెట్టకుండా నాశనం చేస్తే, ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని బయటికి పోయాయో ఇక ఎప్పటికీ తెలియదు. 2014 జులై 1న అమెరికాలో బెథెస్డాలోని ఎన్‌ఐహెచ్ (ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ) క్యాంపస్‌లో, ఎఫ్‌డీఏ (మందుల నియంత్రణ సంస్థ) ల్యాబు తరలిస్తుంటే కోల్డ్ రూమ్‌లో ఒక అట్టపెట్టె దొరికింది, అచ్చం నీకు దొరికినట్టే. అందులో ఆరు సీసాల మీద మశూచి వైరస్ పేరు ఉంది. 1950ల నాటివి. పరీక్షిస్తే రెండింటిలో వైరస్ బతికే ఉంది! ప్రపంచంలో మశూచి లేదని 1980లో ప్రకటించారు, ఆ వైరస్ ఉండటానికి అనుమతి ఉన్నవి రెండే ల్యాబులు, ఒకటి అట్లాంటాలో, ఇంకొకటి రష్యాలో. మూడోచోట ఒక మూల ఇన్నేళ్లు ఎవరికీ తెలియకుండా పడి ఉంది. అయినా దొరికినవాళ్లు దాచలేదు, చెప్పారు. అందుకే అది పద్ధతి ప్రకారం అట్లాంటాకు చేరింది.

ఖమ్మం_రోడ్_కుర్రాడు | రాత్రి 10:58

ఒక సందేహం, తప్పుగా అనుకోవద్దు. దొమ్మరోగం మన మట్టిలోనే ఉంది కదా, ఊళ్లల్లో గొర్లు చస్తూనే ఉన్నాయి. బయట ఉచితంగా దొరికేదానికి ల్యాబ్‌లో ఇంత తాళాలు, కాగితాలు ఎందుకు? ఎవడు వచ్చి దొంగతనం చేస్తాడు?

గొర్ల_డాక్టర్ | సోమవారం ఉదయం 6:15

పశువైద్యుణ్ణి, ఈ ప్రశ్న నన్ను రైతులు కూడా అడుగుతారు. 2021 అక్టోబర్‌లో మన దుగ్గొండి మండలంలో గొర్రెలు చచ్చిపోతే పరీక్షలో ఆంత్రాక్స్ అని తేలింది. అలాంటి కళేబరాన్ని కోయకూడదు. ముక్కులోంచి, వెనకనుంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారితే అక్కడే ఆగిపోవాలి, ఎందుకంటే కోస్తే గాలి తగిలి ఆ సూక్ష్మజీవి స్పోర్‌గా, అంటే గట్టి పెంకు కట్టుకున్న రూపంగా మారుతుంది, స్పోర్ మట్టిలో ఏళ్ల తరబడి చావదు. సున్నం వేసి లోతుగా పూడ్చి, చుట్టుపక్కల మందలన్నిటికీ టీకాలు వేయిస్తాం.

కాబట్టి మట్టిలో ఉన్నమాట నిజమే. కానీ మట్టిలో ఉన్నది చెదురుమదురుగా, వేల రకాల క్రిముల మధ్య కలిసి ఉంటుంది. వయల్‌లో ఉన్నది వేరుచేసి, శుద్ధిచేసి, పేరుపెట్టి దాచింది. ఎవరో ఏడాదిపాటు పడ్డ కష్టమంతా అందులో ఉంది, చెడు ఆలోచన ఉన్నవాడికి ఆ కష్టం తప్పిపోతుంది. తేడా అక్కడుంది తమ్ముడూ.

దొంగ ఎవరన్నావు కదా. 2001లో అమెరికాలో పోస్టులో ఆంత్రాక్స్ పొడి ఉత్తరాలు వచ్చి ఐదుగురు చనిపోయారు, 17 మంది జబ్బుపడ్డారు. ఏళ్ల తరబడి దర్యాప్తు చేసి ఎఫ్‌బీఐ చివరికి చెప్పింది, అది చేసింది వాళ్ల సైన్యం ల్యాబులోనే పనిచేసే శాస్త్రవేత్త అని. కేసు కోర్టుకు రాకముందే ఆయన చనిపోయాడు, సైన్స్ ఆధారాలు ఒక్కటే సరిపోవని అక్కడి నేషనల్ అకాడమీ కమిటీ 2011లో అంది, ఆ వాదన అలా ఉండనీ. గోడ దూకి వచ్చే దొంగకన్నా తాళంచెవి ఉన్న మనిషి గురించే ఎక్కువ ఆలోచించాలని మాత్రం ఆనాటి నుంచి అందరికీ అర్థమైంది.

పాత_టెక్నీషియన్ | ఉదయం 7:05

డాక్టర్ సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పెద్ద పెద్ద పేర్లున్న క్రిములే కానక్కరలేదు. 1996లో డల్లాస్‌లో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో బ్రేక్ రూమ్‌లో ఎవరో పెట్టిన మఫిన్లు, డోనట్లు తిని 12 మంది స్టాఫ్‌కు షిగెల్లా అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు పట్టుకున్నాయి. అది ఆ ల్యాబ్ ఫ్రీజర్‌లో పెంచి దాచుకున్న స్టాక్ కల్చరే. పెట్టింది తోటి టెక్నీషియన్. ఆమెకు 20 ఏళ్ల జైలు పడింది. షిగెల్లా మన టీచింగ్ ల్యాబులు చాలావాటిలో ఉంటుంది, ప్రాక్టికల్స్‌కు వాడుకుంటాం. దానికి తాళం ఉందా? ఎన్ని వయల్స్ ఉన్నాయో ఎవరైనా లెక్క చెప్పగలరా?

మన దగ్గర సైన్స్ డే రోజు స్కూలు పిల్లలు ల్యాబంతా తిరుగుతారు, ఏసీ మెకానిక్ ఒక్కడే గంటసేపు లోపలుంటాడు, కొత్త అటెండర్‌కు మొదటి రోజే తాళాల గుత్తి ఇస్తాం. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. కానీ రేపు ఒక వయల్ కనబడకపోతే అందరికన్నా ముందు అనుమానం పడేది ఆ పేదవాడి మీదనే. లెక్క రాసిపెట్టడం అతని మంచికి కూడా.

డెంటన్_పోస్ట్‌డాక్ | ఉదయం 7:48

వరంగల్‌లో చదివి ఇప్పుడు టెక్సస్‌లో ఉన్నాను. ఇక్కడ సెలెక్ట్ ఏజెంట్ రూల్స్ అని ఉన్నాయి. ప్రమాదకరమైనవాటి జాబితాలో ఉన్న క్రిమి గానీ టాక్సిన్ (జీవుల్లో తయారయ్యే విషం) గానీ పెట్టుకోవాలంటే యూనివర్సిటీ ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ కావాలి, ముట్టుకునే ప్రతి మనిషి వివరాలూ ఎఫ్‌బీఐ చూస్తుంది. ఈ రూల్స్ ఎలా పుట్టాయో చెప్తే మన ఆఫీసులవాళ్లకు ఉపయోగపడుతుంది. 1995లో ఒహాయోలో ఒకతను, ఒక ల్యాబు పేరుతో తనే లెటర్‌హెడ్ తయారుచేసి, ల్యాబులకు క్రిములు సరఫరా చేసే కల్చర్ బ్యాంకుకు ఉత్తరం రాసి ప్లేగు సూక్ష్మజీవి మూడు వయల్స్ తెప్పించుకున్నాడు. ఎప్పుడొస్తాయి, ఎప్పుడొస్తాయి అని ఫోన్లు చేస్తుంటే వాళ్లకు అనుమానం వచ్చి పట్టించారు. అప్పటికి ప్లేగు దగ్గర పెట్టుకోవడం నేరం అనే చట్టమే లేదు, మోసం కేసు కింద శిక్ష వేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే చట్టం చేశారు.

రెండోది మా రాష్ట్రంలోనిదే. 2003 జనవరిలో టెక్సస్ టెక్‌లో ఒక ప్రొఫెసర్ తన ల్యాబ్‌లో 30 ప్లేగు వయల్స్ కనబడటం లేదని చెప్పాడు. ఊరంతా గగ్గోలు, ఎఫ్‌బీఐ దిగింది. చివరికి ఆయనకు రెండేళ్ల జైలు పడింది, అనుమతి లేకుండా నమూనాలు పంపినందుకు, డబ్బుల లెక్కలకు సంబంధించిన అభియోగాల మీద. ఆ వయల్స్ ఏమయ్యాయో అంటే లెక్కే లేదు. గొప్ప శాస్త్రవేత్త, ప్లేగు మందుల మీద జీవితమంతా పెట్టినవాడు. రిజిస్టర్ సరిగా ఉండి ఉంటే ఆ గొడవ మొదలయ్యేదే కాదని నేను నమ్ముతాను.

ఇంకోమాట, ఇక్కడి రూల్స్ అన్నీ మంచివే అనను. భయపడి మంచి పరిశోధనలు మానేసినవాళ్లు, కల్చర్లు కాల్చేసుకున్నవాళ్లు ఉన్నారు. మనకు ఆ భయం వద్దు, లెక్క మాత్రం కావాలి.

గురివింద_ఫార్మసీ | ఉదయం 9:20

మాది ఫార్మకాలజీ. క్రిములు కాదు, మా దగ్గర టాక్సిన్లు ఉన్నాయి, చిన్న సీసాల్లో, మిల్లీగ్రాముల్లో. నాలుగు డిగ్రీల ఫ్రిజ్‌లో బఫర్ల (రోజూ వాడే ద్రావణాల) పక్కనే ఉంటాయి. మాక్కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

రిటైర్డ్_మైక్రో_మేడం | ఉదయం 10:02

వర్తిస్తాయి బాబూ, ఇంకో రకంగా. క్రిమి పెరుగుతుంది, ఒక చుక్క పోయినా మళ్లీ కావలసినంత పెంచుకోవచ్చు, అందుకే వయల్ ఉందా లేదా అన్నదే లెక్క. టాక్సిన్ పెరగదు. అక్కడ బరువే లెక్క. సీసా వచ్చిన రోజు ఎంత, ఇవాళ ఎంత తీశావు, ఎవరు తీశారు, ఎంత మిగిలింది, ఇది ప్రతిసారీ రాయాలి. అమెరికా రూల్స్‌లో కూడా ఒక్కో టాక్సిన్‌కు ఒక హద్దు పెట్టారు. ఒక ప్రొఫెసర్ దగ్గర బాట్యులినమ్ టాక్సిన్ ఒక మిల్లీగ్రాము, రైసిన్ అయితే వెయ్యి మిల్లీగ్రాములు, ఆ లోపు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కరలేదు. ఒకటికీ వెయ్యికీ అంత తేడా పెట్టారంటే విషాల బలంలో అంత తేడా ఉంది.

నువ్వు గురివింద అని పేరు పెట్టుకున్నావు. గురివింద గింజ కింద నలుపు దానికే తెలియదని మన పెద్దలంటారు, లోపలున్న అబ్రిన్ సంగతి మనకూ తెలియాలి. ఆముదం గింజలో రైసిన్. రైసిన్ అయితే రసాయన ఆయుధాల ఒప్పందం మొదటి షెడ్యూల్‌లోనే ఉంది, దాన్ని అమలుచేయడానికి మన దేశంలో 2000లో చట్టం వచ్చింది. చేలో పండే పంటకు ఈ గొడవ లేదు, వేరుచేసిన విషానికే.

ఇంకొకటి, ఆటోక్లేవ్ చేస్తే పోతుందిలే అనుకోవద్దు. కొన్ని టాక్సిన్లు ఆ వేడికి కూడా చెడవు. దేన్ని ఎలా నిర్వీర్యం చేయాలో దాని సేఫ్టీ షీట్ చూసి, కమిటీని అడిగి చేయండి. ముందు ఇవాళే ఆ సీసాలను బఫర్ల పక్కనుంచి తీసి తాళం ఉన్న చిన్న పెట్టెలో పెట్టు.

సూపరింటెండెంట్_సెక్షన్ | మధ్యాహ్నం 1:35

నేను సైన్సు మనిషిని కాను, ఒక కాలేజీ ఆఫీసులో సూపరింటెండెంట్‌ను. కానీ ఈ తప్పు ఎక్కడ పుడుతుందో నాకు రోజూ కళ్లముందు కనిపిస్తుంది, అందుకే రాస్తున్నాను.

మా స్టాక్ రిజిస్టర్‌లో మైక్రోస్కోప్ ఉంటుంది, కుర్చీ ఉంటుంది, బీరువా నంబరుతో సహా ఉంటుంది. ఇండెంట్ మీద తెప్పించిన కల్చర్ మాత్రం కన్స్యూమబుల్ కింద వస్తుంది, బిల్లు పాసైన రోజే 'వాడేశారు' అని కొట్టేస్తాం. ఇరవై వేల కుర్చీ ఇరవై ఏళ్లు మా లెక్కలో ఉంటుంది, ఆ వయల్ ఒక్కరోజు కూడా ఉండదు. పొలంలోంచి స్కాలర్ స్వయంగా తెచ్చుకున్న నమూనా అయితే ఆ ఒక్కరోజు కూడా లేదు, దానికి బిల్లే లేదు కదా!

ఇక నో డ్యూస్. స్కాలర్ వెళ్లిపోయేటప్పుడు లైబ్రరీ, హాస్టల్, మెస్, ఎన్‌సీసీ, స్పోర్ట్స్ అన్నిచోట్లా సంతకాలు తెస్తాడు. బ్యాడ్మింటన్ రాకెట్ ఇవ్వకపోతే సర్టిఫికెట్ ఆపుతాం. ఫ్రీజర్‌లో ఏం వదిలి వెళ్తున్నాడో అడిగే గడి ఆ కాగితం మీద లేదు. ఒక్క గడి చాలు, 'ల్యాబ్‌లో నా పేరు మీద ఉన్న నమూనాలు ఫలానా వారికి అప్పగించాను' అని, ఇచ్చినవాడి సంతకం, తీసుకున్నవాడి సంతకం. ప్రొఫెసర్లు రిటైరయ్యేటప్పుడు కూడా ఇదే. నేను మా ప్రిన్సిపాల్ గారికి ఇవాళే నోట్ పెడుతున్నాను.

పాత_టెక్నీషియన్ | మధ్యాహ్నం 2:10

సార్, ఆ నోట్ నమూనా ఇక్కడ పెట్టండి, మేమూ మా దగ్గర ఇస్తాం.

నయీంనగర్_స్కాలర్ | రాత్రి 8:15

అందరికీ చాలా థాంక్స్. ఫొటోలు తీశాను, సీల్ వేశాం. కాగితం కూడా రాసిపెట్టుకున్నాను. కానీ ఇవ్వడానికి ధైర్యం చాలలేదు. హెచ్‌ఓడీ గది దాకా పోయి తిరిగి వచ్చాను. పేపర్లో పడుతుందేమో, ల్యాబ్ మూసేస్తారేమో, నా పీహెచ్‌డీ ఏమవుతుందో అని టెన్షన్‌గా ఉంది. ఇంట్లో నాన్న పత్తి రైతు, నా ఫెలోషిప్ మీదే తమ్ముడి చదువు నడుస్తోంది.

రిటైర్డ్_మైక్రో_మేడం | రాత్రి 8:40

అమ్మా, నా సంగతి ఒకటి చెప్తాను, ఇంతవరకు ఎక్కడా రాయలేదు. నేను చిన్నదాన్నప్పుడు ఒక ల్యాబ్‌లో కల్చర్ తీస్తుంటే సూది వేలికి గుచ్చుకుంది. గైడ్ కోప్పడతారని ఎవరికీ చెప్పలేదు. గ్లౌజు తీసి కడుక్కుని కొత్తది తొడుక్కున్నాను. మూడు వారాలు రోజూ పొద్దున లేవగానే నుదురు ముట్టి చూసుకునేదాన్ని. ఇంట్లో ఏడాది పిల్లాడు, వాణ్ణి ఎత్తుకోవాలంటే చేతులు వణికేవి. నాకేమీ కాలేదు. కానీ ఆ మూడు వారాలు నేను చెప్పకపోవడం వల్ల పక్కవాళ్లు కూడా ఏం తెలియకుండా అదే సూదులతో పనిచేశారు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

2006లో టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో ఒకామెకు ల్యాబ్‌లో బ్రుసెల్లా అనే బ్యాక్టీరియా సోకింది. యూనివర్సిటీ ప్రభుత్వానికి చెప్పలేదు. 2007లో బయటపడ్డాక సెలెక్ట్ ఏజెంట్ పరిశోధనలన్నీ ఆపించారు, 2008లో పది లక్షల డాలర్లు కట్టారు. అంత పెద్ద శిక్ష సోకినందుకు కాదు, చెప్పనందుకు, ఇంకా కొన్ని రూల్స్ తప్పినందుకు. రేపు నీతో నేను వస్తాను. నాకు మెసేజ్ పెట్టు.

గొర్ల_డాక్టర్ | రాత్రి 8:55

మేడంతో వెళ్లమ్మా. నువ్వు చేసిన తప్పేమీ లేదు, దొరికింది చెప్తున్నావు అంతే.

ములుగు_రోడ్_భాస్కర్ | రాత్రి 9:30

చర్చ మధ్యలో వస్తున్నాను, మన్నించండి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి గుర్తుందా. అప్పుడు మా ల్యాబ్ కింది అంతస్తులో ఫ్రిజ్ ఒకటి నీళ్ల మీద తేలి అడ్డంగా పడింది, తలుపు తెరుచుకుని రాక్‌లన్నీ బురదలో. మావి ఏదో మొక్కల డీఎన్ఏ శాంపిల్స్ కాబట్టి సరిపోయింది. తాళాల గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం, ప్రమాదకరమైనవి ఉన్న ఫ్రీజర్లు పై అంతస్తులో ఉండాలని కూడా ఎవరైనా కమిటీల్లో చెప్పండి.

నయీంనగర్_స్కాలర్ | పదహారు రోజుల తర్వాత, రాత్రి 10:05

అప్‌డేట్ ఇవ్వడం ఆలస్యమైంది.

మేడం వచ్చారు. హెచ్‌ఓడీ సార్ నేను అనుకున్నట్టు అరవలేదు, కాగితం రెండుసార్లు చదివి, కాసేపు తల పట్టుకుని, 'మంచిపని చేశావు' అన్నారు. వారంలో కమిటీ కూర్చుంది. తాళంచెవి మేకు మీద నుంచి పోయింది, ఇప్పుడు రెండు తాళాలు, ఇద్దరి దగ్గర. ఫ్రీజర్ తలుపుకు రిజిస్టర్ కట్టారు.

వయల్స్ ఎవరివో ఎలా తెలిసిందంటే, లైబ్రరీలో పాత థీసిస్‌లు తిరగేశాను. నాలుగు రోజులు పట్టింది. 2011లో సమర్పించిన ఒకదాంట్లో చివరి పేజీల్లో పట్టిక ఉంది, నర్సంపేట, పరకాల, ములుగు వైపు ఈసుకుపోయిన (కడుపు పోయిన) బర్రెల నుంచి తీసిన నమూనాలు. బి.ఎ. అంటే ఆంత్రాక్స్ కాదు, అమైలో ఏదో అసలే కాదు. బ్రుసెల్లా అబార్టస్, పశువుల్లో కడుపు పోయేలా చేసే బ్యాక్టీరియా. అప్పుడు నాకు కాళ్లు వణికాయి, ఎందుకంటే ఆ రోజు ప్లేట్ వేద్దామన్నారు కదా, మా బెంచీ మీదే, మామూలుగా మూత తీసి వాసన చూసే అలవాటు మాలో చాలామందికి ఉంది.

గొర్ల_డాక్టర్ | రాత్రి 10:20

దేవుడు కాపాడాడమ్మా. ల్యాబుల్లో మనుషులకు ఎక్కువగా అంటుకునే బ్యాక్టీరియాల్లో బ్రుసెల్లా ముందుంటుంది, గాలిలోకి లేచిన తుంపర పీల్చినా చాలు. 2019లో చైనాలో లాన్‌జౌలో పశువుల టీకా ఫ్యాక్టరీవాళ్లు గడువు తీరిన క్రిమిసంహారకం వాడితే, చావని క్రిమి పొగగొట్టంలోంచి గాలిలో కలిసి పదివేల మందికి పైగా సోకింది. జ్వరం వచ్చిపోతూ కీళ్లు పట్టేస్తాయి, ఆరు వారాలు రెండు మందులు కలిపి వాడాలి. ఎవరూ మూత తీయలేదు కదా?

నయీంనగర్_స్కాలర్ | రాత్రి 10:26

లేదు డాక్టర్ గారు, ఎవరూ తీయలేదు. కమిటీలోని డాక్టర్ మా అందరినీ అడిగి రాసుకున్నారు.

కానీ ఒకటి మిగిలిపోయింది. థీసిస్ పట్టికలో 38 నమూనాలున్నాయి. పెట్టెలో ఉన్నవి 36. నేను, హెచ్‌ఓడీ సార్, కమిటీ మెంబర్ ముగ్గురం విడివిడిగా లెక్కపెట్టాం. 17, 29 నంబర్లు లేవు. థీసిస్ రాసిన ఆయన ఇప్పుడు వేరే రాష్ట్రంలో ఉన్నారు, ఫోన్‌లో బాగా మాట్లాడారు, తనకు గుర్తులేదన్నారు.

రిటైర్డ్_మైక్రో_మేడం | రాత్రి 10:44

17, 29 ఆ థీసిస్ ఫలితాల్లో చివరిదాకా ఉన్నాయా, మధ్యలో మాయమయ్యాయా చూడు. మధ్యలోనే ఆగిపోతే పెరగక పారేసి ఉండవచ్చు, ఆయన ల్యాబ్ నోట్‌బుక్కుల్లో ఉండాలి. చివరిదాకా ఉంటే 2009 నుంచి 2011 దాకా డిపార్ట్‌మెంట్ డిస్పాచ్ రిజిస్టర్ తీయించు, సీక్వెన్సింగ్‌కో, నిర్ధారణకో ఎక్కడికైనా పంపి ఉంటే ఎంట్రీ ఉంటుంది. పక్క గదుల ఫ్రీజర్లు కూడా చూడాలి. దొరికినా దొరకకపోయినా 36 మాత్రమే ఉన్నాయని కమిటీ మినిట్స్‌లో రాయించు.

నయీంనగర్_స్కాలర్ | రాత్రి 10:51

చివరిదాకా ఉన్నాయి మేడం, ఇప్పుడే చూశాను, 94వ పేజీలో రెండూ ఉన్నాయి. డిస్పాచ్ రిజిస్టర్లు పాత రికార్డు గదిలో కట్టలు కట్టి ఉన్నాయట, రేపు పది గంటలకు సెక్షన్ సార్ తాళం తీస్తానన్నారు. పక్క గది మైనస్ 20 ఫ్రీజర్ చూడటం కూడా రేపే. గ్లౌజులు, రెస్పిరేటర్, ఇద్దరం ఉంటాం, ఏదీ తెరవం.